దూడ పడ్డ బావికి స్టేటస్ కో

నా ప్రశ్నకు ఇంతవరకు ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు. చెప్పకపోతే పోయారు, విన్నామని కూడా అనలేదు. వారపత్రికల్లో న్యాయసలహాల పేజీ నడిపే వాళ్లకు రాశాను. మేనమామ ఆస్తిలో వాటా వస్తుందా అని అడిగిన వాళ్లకు, పక్కింటి కొబ్బరిచెట్టు మా గోడ మీదికి వంగింది ఏం చేయమంటారు అని అడిగిన వాళ్లకు ఓపికగా జవాబులు వేశారు. నాకు మాత్రం లేదు. ఒక పత్రికాయన ఒకసారి, నా పేరు లేకుండా, నా ప్రశ్న కూడా లేకుండా, 'స్టేటస్ కో అంటే యథాతథ స్థితి, అనగా ఉన్నదానిని ఉన్నట్టు ఉంచడం' అని రెండు వరుసలు వేసి చేతులు దులుపుకున్నాడు. ఆ అర్థం ఆయన పుట్టకముందే నాకు తెలుసు. దాన్ని నేను ముక్కుతో నేర్చుకున్నాను.

ఇప్పుడు రాయదుర్గం నుంచి గోపన్‌పల్లి వైపు పోతుంటే కళ్లు చెదిరే అద్దాల మేడలు కనిపిస్తాయి. నేను చెప్పే రోజుల్లో అక్కడ ఉన్నవి రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు, గుట్టల నడుమ మా వాడ. ఎక్కడ తవ్వినా మూరెడు లోతున బండ తగిలేది. కొత్తగా బావి తవ్వుకుందామని చూసిన వాళ్ల గుంతలు ఊరి చుట్టూ నోళ్లు తెరుచుకుని ఉండేవి. మంచినీళ్లు పడింది ఒక్కచోటే. అది పెద్ద పటేలు, చిన్న పటేలు అని మేం పిలిచే అన్నదమ్ముల ఇళ్ల మధ్యనున్న చేదబావి. వాళ్ల తండ్రి తవ్వించింది. వాడకట్టు అంతా అందులోనే తోడుకునేవాళ్లం. చెరువు కింద ఇంకొక బావి ఉండేది కానీ అందులోవి ఉప్పునీళ్లు. వాటితో పప్పు ఉడకదు, చాయ్ విరిగిపోతుంది, సబ్బు రాస్తే నురగ రాదు.

తోడుకునే హక్కు మాకు ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. దానికి బదులు ఒక పద్ధతి ఉండేది. ఏటా ఎండాకాలం మొదట్లో ఇంటికొక మనిషి వచ్చి ఆ బావిలో పూడిక తీయాలి. నీళ్లన్నీ తోడేసి, సన్నటి వాణ్ని నడుముకు తాడు కట్టి దింపేవాళ్లు. బురదతో పాటు ఆ ఏడాదిలో జారిపడ్డ చెంబులు, బొక్కెనలు బయటికి వచ్చేవి. ఒకసారి ఎవరిదో వెండి పట్టీ కూడా వచ్చింది. అవి గట్టు మీద వరుసగా పెడితే ఎవరివి వాళ్లు గుర్తుపట్టి పట్టుకుపోయేవాళ్లు. ఏడాది మధ్యలో బొక్కెన పడిపోతే మా ఇంటికి రావాలి. బావిలో పడ్డవాటిని తీసే ఇనుప గాలం మా తాత కాలం నుంచి మా ఇంట్లోనే ఉండేది. నాలుగు కొక్కేలది. మా వాకిట్లో దూలానికి వేలాడేది. "అన్నా, గాలం ఇయ్యరాదు" అంటూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. మాకున్న పరువు అదొక్కటే.

చందానగర్ అవతల పెద్ద ఫ్యాక్టరీ లేచిన తర్వాత భూముల మీద అందరి కళ్లూ పడ్డాయి. నాకూ ఆ ఫ్యాక్టరీలోనే స్టోర్సులో ఉద్యోగం దొరికింది. సైకిలు మీద పోయి వచ్చేవాణ్ని. పటేళ్ల తండ్రి పోయాక పంపకాలు మొదలయ్యాయి. చిన్న పటేలు కూరగాయల మడి వేసి, దానికి నీళ్లు పెట్టడానికని ఆయిల్ ఇంజను తెచ్చి బావి పక్కన దింపాడు. బావి నా వాటాలో ఉంది, ఇంజను పెట్టనివ్వను అని పెద్ద పటేలు కోర్టుకు పోయాడు. కొన్నాళ్లకు కోర్టు అమీను వచ్చి ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చిపోయాడు. ఇంగ్లీషులో ఉంది. అందులో నడుమ ఆ రెండు మాటలు.

పట్వారీ ఇంటి ముందు అందరం చేరాం. ఆయన ఉర్దూ, ఇంగ్లీషు రెండూ చదివినవాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇండ్ల ఏమీ లేదు. స్టేటస్ కో అన్నడు జడ్జి సాబు. జైసాకా వైసా అన్నట్టు. ఎట్లున్నది గట్లనే ఉండాలె. ఇగ ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు.

"ముట్టొద్దని అందులో ఎక్కడుంది?" అని నేనడిగాను. నేనూ ఆ కాగితం చదివాను. ముట్టుకోవద్దు అనే మాట అందులో లేదు.

"ఏంది తమ్మీ, నువ్వేమన్న వకీలువా? ముట్టకుంటెనే గద ఎట్లున్నది గట్లనే ఉండేది."

అందరూ నవ్వారు. ఇద్దరు పటేళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఎందుకంటే, ఆ ఒక్క మాటతోనే మా బావి చావు మొదలైంది.

ముందు గిరక పోయింది. కర్రతో చేసిన పాత గిరక, ఇరుసు విరిగింది. ఫ్యాక్టరీలో అడిగి ఇనుప గిరక ఒకటి తెస్తానని పెద్ద పటేలుతో అన్నాను. "కొత్తది పెడితే స్టేటస్ మారుతది" అన్నాడు. స్టేటస్ అనే మాటను అప్పటికి ఆయన తన పాత చొక్కాలాగా వాడేస్తున్నాడు. చిన్న పటేలును అడిగితే, "నాకేం అభ్యంతరం లేదు, కని మా అన్న పెట్టిండనుకో, గిరక పెట్టినోనిదే బాయి అంటడు రేపు" అన్నాడు. ఆడవాళ్లు గట్టురాయి మీద తాడు ఒరుసుకునేలా లాగాల్సి వచ్చింది. మా ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి.

ఎండాకాలం వచ్చింది. పూడిక తీద్దామంటే పెద్ద పటేలు అడ్డం నిలబడ్డాడు. "బురద ఎటు దిక్కు పోస్తరు? నా దిక్కు పోస్తె బాయి నాదని నేను చెప్పుకున్నట్టు, వాని దిక్కు పోస్తె వానిదని మీరు చెప్పినట్టు. కోర్టు ఊకుంటదా?"

"రెండు దిక్కులూ కాకుండా బండి మీద చెరువుకు తోలిద్దాం పటేలా" అన్నాను.

"బండి ఎవరిది?"

అదీ వాళ్ల లెక్క. బండి ఎవరిదైతే బావి వాళ్లదవుతుందట. ఆ ఏడు పూడిక తీయలేదు. నీళ్ల మీద ఆకుపచ్చటి తెట్టె కట్టింది. బొక్కెనతో దాన్ని పక్కకు నెట్టి తోడుకుని, ఇంటికి తెచ్చి పాత చీర పేలికతో వడకట్టుకునేవాళ్లం. మా ఆవిడ ఆ గుడ్డను పిండుతూ నా ముఖంలోకి చూసేది. "అంత చదువుకున్నవు గద, గా ఇంగ్లీషు మాటను ఉడుకవెట్టుకొని తాగుదామా?" అనేది. ఆమె మాట్లాడే తీరు అంతే. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ కోపమంతా ఎవరి మీద ఉండాలో తెలిసింది.

తర్వాత చిన్న పటేలు వైపు గట్టురాళ్లు రెండు జారి బావిలో పడ్డాయి. మనిషి దూరేంత సందు పడింది. పశువులు రాకుండా ఆయన అక్కడ తుమ్మకంప వేశాడు. పెద్ద పటేలు పరుగెత్తుకొచ్చి, "కంచె వెట్టినవ్! కబ్జా చేస్తున్నవ్! కంటెంట్ అయితది!" అని కేకలేశాడు. కంటెంప్ట్ అనబోయి అలా అన్నాడు. అర్థం మాత్రం తమ్ముడికి తెలిసింది, కోర్టు ధిక్కారమని. కంప తీసేశాడు. సందు సందుగానే ఉండిపోయింది.

ఆ సందులోంచే దూడ పడింది.

ఆ రోజు నాకు వారపు సెలవు. మధ్యాహ్నం అన్నం తింటున్నాను. గేదె అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు, గొంతు చీరుకుపోయే అరుపు. వెళ్లి చూస్తే చిన్న పటేలు గేదె బావి దగ్గర గుంజుకుంటోంది. దాని దూడ నీళ్లలో గుండ్రంగా తిరుగుతోంది. ముక్కు ఒక్కటే పైకి పెట్టి ఈదుతోంది. పుట్టి ఎన్నాళ్లో కాలేదు. చుట్టూ వాడంతా చేరింది. ఒక్కరూ కదలడం లేదు.

చిన్న పటేలు తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "పటేలా, తాడు వెయ్యకపోతివి?" అన్నాను.

"మా వకీలు సాబు చెప్పిండు తమ్మీ, బాయిల కాలు వెట్టొద్దన్నడు. కాలు వెడితే కేసు పోతదన్నడు."

అవతల గట్టు మీద పెద్ద పటేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దిగు, దిగు. ఎందుకు దిగవ్? దిగు, రేపే పోయి జడ్జి సాబుకు చెప్త."

"నువ్వే దిగరాదు, దమ్ముంటె!"

"నాదా దుడ్డె?"

"బాయి నీదే అంటివి గద! నీ బాయిల నీళ్లు తాగుతున్నది, తీసుకో!"

కొందరు నవ్వారు. దూడ ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక కుర్రవాడు చొక్కా విప్పబోతే వాళ్లమ్మ వాడి రెక్క పట్టుకుని లాగింది. "కోర్టు బాయిల దుంకుతవురా! పోలీసోల్లొచ్చి నిన్నే తీస్కపోతరు!" ఆ రోజు నుంచి దానికి కోర్టు బావి అనే పేరు వచ్చింది.

నేను ఇంటికి ఉరికి తాడు, ఒక గోనెసంచి తెచ్చాను. గోనెను దూడ పొట్ట కిందికి దింపితే పైకి లాగవచ్చు. అవతల గట్టు దగ్గర వంగుతుంటే పెద్ద పటేలు జీతగాడు నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వెటు దిక్కు?"

"నేను ఏ దిక్కూ కాదు. నీళ్లు తాగేటోణ్ని."

"ఏ దిక్కు కాకపోతె నడుమ నీకేం పని? జరుగు."

ఇవతల వైపుకు వస్తే చిన్న పటేలు అడ్డం వచ్చాడు. దూడ ఆయనది. తల్లి ఆయన వెనకే అరుస్తోంది. అయినా అడ్డం వచ్చాడు. "వద్దు తమ్మీ, నా దిక్కు నుంచి తాడు వేస్తే నేనే ఏపిచ్చిన్నంటడు. నీకు దండం పెడత." ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ఆ కన్నీళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ జాలి కలగదు. ఏడుస్తూనే తన దూడను మునగనిచ్చాడు.

మేం అలా తోసుకుంటుండగా నీళ్ల చప్పుడు ఆగిపోయింది. గేదె మాత్రం అరుస్తూనే ఉంది.

ఇక్కడి నుంచి రాయడానికి నాకు అసహ్యంగా ఉంటుంది. అయినా రాస్తాను. చదివేవాళ్లకు కూడా అసహ్యం వేయాలి. మేం దాన్ని పీల్చుకుని బతికాం కదా.

మునిగిన దూడ రెండు రోజులకు పైకి తేలింది. పొట్ట డప్పులాగా ఉబ్బి, నాలుగు కాళ్లూ బారజాపి, ఆకుపచ్చ తెట్టె మధ్యలో పడి ఉంది. కాకులు దిగి దాని మీద వాలేవి. నీళ్ల మీద నూనె తేలినట్టు రంగురంగుల పొర వచ్చింది. కంపు ముందు బావి దగ్గర, తర్వాత వాకిళ్లలో, తర్వాత బట్టల్లో, చివరికి అన్నం ముద్దలో. గడప దాటి లోపలికి వచ్చిన వాసన మళ్లీ బయటికి పోలేదు. ఫ్యాక్టరీలో నా పక్క మనిషి కుర్చీ దూరం జరుపుకున్నాడు. "స్నానం చేసి రావచ్చు గదా" అన్నాడు నలుగురిలో. ఏ నీళ్లతో చేసి రావాలో ఆయన చెప్పలేదు. ఆ మనిషితో నేను మళ్లీ మాట్లాడలేదు.

అంత కంపులో పటేళ్లు ఇద్దరూ బావికి కాపలా పెట్టారు! అటు గట్టున ఒక మనిషి, ఇటు గట్టున ఒక మనిషి. ముక్కులకు రుమాళ్లు కట్టుకుని, అవతలి వాళ్లు వచ్చి దూడను తీసి బావి మాదే అనకుండా కాచుకుని కూర్చున్నారు. పొద్దుపోక పాన్ నములుతూ ఆ బావిలోకే ఉమ్మేవాళ్లు. ఉమ్మితే స్టేటస్ మారదట.

చచ్చిన పశువులను ఎత్తే పనికి ఊరు ఎప్పుడూ ఎవరిని పిలుస్తుందో ఆ వాడవాళ్లకే మావాళ్లు కబురు పంపారు. ఆ వాడవాళ్లను ఏనాడూ ఆ బావి గట్టు ఎక్కనివ్వలేదు. ఇప్పుడు మాత్రం లోపలికి దిగమన్నారు. దాన్ని గురించి సిగ్గుపడ్డ వాళ్లు మాలో ఎవరూ లేరు. వాళ్లు తాళ్లు తెచ్చుకుని వచ్చారు. మిమ్మల్ని ఎవరు పిలిచారో కోర్టులో చెప్పాల్సి వస్తుంది, సాక్ష్యానికి రావాలి అని రెండు వైపుల నుంచీ బెదిరించారు. వాళ్లలో పెద్దాయన తాడు చుట్టుకుంటూ, "తాగనియ్యనప్పుడు యాదికి రాలే, తియ్యనీకి యాదికొచ్చినమా? మీ పంచాయితీ తెగినంక పిలువుండ్రి" అని వెళ్లిపోయాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఊరి కాపుదల చూసే సర్కారు మనిషి, పోలీసు పటేలును అడిగితే కోర్టులో ఉన్నదాన్ని నేను ముట్టనన్నాడు. సర్పంచి ఒక బ్లీచింగ్ పౌడరు సంచి పంపించాడు. దాన్ని చల్లితే నీళ్ల రంగు మారుతుందని, అది కూడా మార్పే కదా అని పటేళ్లు చల్లనివ్వలేదు. ఆ సంచి గట్టు మీదే మంచుకు తడిసి, ఎండకు ఎండి రాయి అయిపోయింది.

ఇక చూడలేక ఒక తెల్లవారుజామున నేనే గాలం తీసుకుని వెళ్లాను. కాపలావాళ్లు కునుకుతున్నారు. గాలం దింపి దూడ కాలికి తగిలించి లాగాను. బరువు తెలిసింది, తర్వాత ఒక్కసారిగా తేలికైంది. పైకి వచ్చింది తోలు మాత్రమే. కొక్కేలకు చుట్టుకుని, పురుగులు రాలుతూ వచ్చింది. నేను పక్కకు తిరిగి కక్కుకున్నాను. ఆ చప్పుడుకు కాపలావాళ్లు లేచి అరిచారు.

అన్నదమ్ములిద్దరూ ఒకే పనిని కలిసి చేయడం అప్పుడే చూశాను. పెద్ద పటేలు నా కుడిచేయి, చిన్న పటేలు నా ఎడమచేయి పట్టుకున్నారు. "నువ్వు పార్టీవి కాదు" అన్నాడు అన్న. "నువ్వెవలు నడుమ? కేసు మాది" అన్నాడు తమ్ముడు. అంతకుముందు ఎన్నో నెలల నుంచి వాళ్లకు మాటలు లేవు. నా మీద మాటలు కలిశాయి. గాలం లాక్కుని పోలీసు పటేలు ఇంట్లో పెట్టారు. నేను అడగడానికి వెళితే ఆయన, "గాలం ఇప్పుడు కోర్టు సొమ్ము. కేసు ఖతమైనంక వచ్చి తీస్కపో. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

సెలవు పెట్టి పట్నం వెళ్లాను. చిన్న పటేలు వకీలును వెతికి పట్టుకున్నాను. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. మర్యాదగానే కూర్చోబెట్టాడు. బల్ల మీద కూజా ఉంది. మాట్లాడుతూ దానిలోంచి చల్లటి నీళ్లు వంచుకుని తాగాడు. నాకు ఇస్తాననలేదు.

"చూడండి, నేను కాలు పెట్టొద్దన్నది ఇంజను విషయంలో అండి. ఇంజను పనికని బావిలో దిగొద్దన్నాను. దూడ సంగతి నన్నెవరడిగారు?" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే దూడను తీయవచ్చని ఒక ముక్క రాసివ్వండి, తీసుకుపోయి చూపిస్తాను."

"అదెలా రాస్తానండి? అవతలివాళ్లు అభ్యంతరం పెడితే? కోర్టులో మెమో వేయాలి. వాయిదాకు చూద్దాం."

"వాయిదా దాకా ఆ నీళ్లు ఎవరు తాగాలి?"

"మీరు పార్టీ కాదు కదండీ" అన్నాడు. కావాలంటే నేను కూడా కేసులో చేరవచ్చని, అప్పుడు బావిలో నాకు హక్కు ఉందని రుజువు చేసుకోవాలని చెప్పాడు. చేరితే ఇద్దరు పటేళ్లతోనూ కొట్లాడాలి. గాలం దింపినందుకే రెండు చేతులూ పట్టుకున్న వాళ్లు, హక్కు అంటే వాడంతటినీ బావి దగ్గరికి రానిస్తారా?

అప్పుడు ఆయన్ని అడిగాను నా ప్రశ్న. ఇదే మొదటిసారి అడగడం. "స్టేటస్ కో అంటే ఉన్న స్థితిని ఉన్నట్టు ఉంచాలని కదా. ఆర్డరు ఇచ్చిన రోజున ఆ బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఏటా పూడిక తీసే పద్ధతి ఉంది. వాడంతా తాగే పద్ధతి ఉంది. అదే కదా అప్పటి స్థితి. దాన్ని కాపాడటం స్టేటస్ కో అవుతుందా, చచ్చిన దూడను కాపాడటం అవుతుందా? ఎవరు ఆర్డరు తప్పినట్టు, దూడను తీయబోయిన నేనా, తీయనివ్వని వాళ్లా?"

ఆయన కూజా మీద మూత పెట్టాడు. "పాయింటు బాగుందండి" అన్నాడు. తర్వాత ఫైలు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు. నేను లేచే దాకా మళ్లీ తల ఎత్తలేదు. పాయింటు బాగుందట! జీవితంలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మెప్పు అంత రోత పుట్టించిన తిట్టు ఒక్కటీ లేదు.

వాయిదా రోజున మున్సిఫ్ కోర్టుకు వెళ్లాను. జేబులో దగ్గుమందు సీసా ఒకటి, దాని నిండా బావి నీళ్లు, బిరడా గట్టిగా బిగించి. కేసు పిలిచారు. ఇద్దరు వకీళ్లు లేచి వంగి ఏదో అన్నారు. మెమో గురించి ఎవరూ ఎత్తలేదు. జడ్జి వాయిదా వేసి తర్వాతి కట్ట అందుకోబోయాడు. నేను వెనక బల్ల దగ్గర నిలబడి బిరడా తీశాను.

ముందు వరుసలోని గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. వకీళ్లు కోటు చివరలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. జడ్జి తల ఎత్తి, "ఏమిటా వాసన?" అన్నాడు.

"ఇప్పుడు వాయిదా వేసిన కేసులో బావి నీళ్లు సార్. మేం తాగే నీళ్లు. తమరి ఆర్డరు ఉందని చచ్చిన దూడను తీయనివ్వడం లేదు. తీయవచ్చని ఒక్క మాట చెప్పండి సార్."

"మీరు పార్టీయా?"

"కాదు సార్."

"మీ వకీలు ఎవరు?"

"ఎవరూ లేరు సార్."

జడ్జి బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు నా రెక్క పట్టుకుని వరండాలోకి తెచ్చి, "గది బయట పారబోసి రాపో, తల తిరుగుతున్నది" అన్నాడు. నేను పారబోయలేదు. బిరడా పెట్టుకుని మళ్లీ జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. నా ఒక్క మాటకు 'తీయవచ్చు' అని కానీ, 'తీయకూడదు' అని కానీ ఆ హాల్లో చెప్పిన వాళ్లు లేరు. ఏదో ఒకటి చెప్పి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

అప్పటికే ఆడవాళ్లు చెరువు కింది ఉప్పునీళ్లకు నడుస్తున్నారు. దారంతా బండలు. ఒకరోజు మా ఆవిడ రెండు బిందెలతో బండ మీద జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు కానీ అది సరిగా అతుక్కోలేదు. ఇప్పటికీ ఆ చెయ్యి కొంచెం పక్కకు తిరిగే ఉంటుంది. రొట్టెలు చేస్తుంటే పిండి ఒక వైపుకే పోతుంది. ఎవరైనా అడిగితే, "స్టేటస్ కో" అంటుంది. అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

వానలు వచ్చాయి. బావి నిండింది. దూడలో మిగిలింది అడుక్కు దిగింది. కంపు తగ్గింది కానీ ఆ నీళ్లు తాగడానికి ఎవరికీ మనసు రాలేదు. బొక్కెన వేస్తే ఒక్కోసారి ఎముక వచ్చేది. కేసు ఏళ్లకేళ్లు నడిచింది. తర్వాత గుట్టల అవతల విశ్వవిద్యాలయం వస్తోందని, భూములకు మంచి ధర పలుకుతుందని పుకారు పుట్టగానే అన్నదమ్ములు ఒక్క పూటలో రాజీపడ్డారు. కేసు ఎత్తేసుకున్నారు. ఆ వారంలోనే బావిలో రాళ్లు, మట్టి పోసి పూడ్చేశారు. అప్పుడు ఏ దిక్కు మట్టి అని ఎవరూ అడగలేదు. స్టేటస్ మారుతుందని ఎవరూ కేకలేయలేదు. నేను వెళ్లి చూస్తూ నిలబడ్డాను. బ్లీచింగ్ పౌడరు రాయిని కూడా అందులోకే దొర్లించారు. ఎవరో "సల్లగైంది" అన్నారు.

పోలీసు పటేలు ఇంటికి వెళ్లి గాలం అడిగాను. కేసు ఖతమైంది కదా. "ఏ గాలం?" అన్నాడు.

ఈ మధ్య చందానగర్‌లో ఒక పెళ్లికి వెళితే చిన్న పటేలు కనిపించాడు. పెద్ద పటేలు ఎప్పుడో పోయాడు. ఈయన ముసలివాడయ్యాడు. గోపన్‌పల్లి దగ్గర అపార్టుమెంటులో ఉంటున్నాడట. భోజనాల దగ్గర సీలు వేసిన నీళ్ల సీసా మూత తీయలేక నా చేతికి ఇచ్చాడు. తీసి ఇచ్చాను. తాగుతుండగా అడిగాను.

"పటేలా, ఆ రోజు దూడను ఎందుకు తీయనియ్యలేదు?"

ఆయన మూతి తుడుచుకున్నాడు. "ఇంక గా బాయి ముచ్చటేనా తమ్మీ? ఎన్నేండ్లాయె. ఇడువరాదు. అప్పుడు కోర్టు ఆర్డరుండె."

"ఆ ఆర్డరులో తీయొద్దని లేదు."

"ఉన్నదని అందరనిరి గద" అన్నాడు. అని పెరుగు కోసం వడ్డించే వాణ్ని పిలిచాడు.

బావి ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. దాని కింద కార్లు నిలిపే అంతస్తులు తవ్వేటప్పుడు ఆ దూడ ఎముకలు ఏవైనా బయటపడ్డాయో లేదో నాకు తెలియదు. కాపలా మనిషి నన్ను గేటు దాటనివ్వలేదు. ఎవరి కోసం వచ్చారని అడిగాడు. ఏం చెప్పాలి?

కాబట్టి మళ్లీ అడుగుతున్నాను, అచ్చులో, అందరి ముందూ. చట్టం చదివిన వాళ్లు, న్యాయసలహాల పేజీ నడిపేవాళ్లు, ఆ రోజు పాయింటు బాగుందన్న వకీలు గారు బతికి ఉంటే ఆయన, ఎవరైనా సరే. ఒక కోర్టు మంచినీళ్ల బావి మీద స్టేటస్ కో ఇచ్చింది. తర్వాత అందులో దూడ పడి చచ్చింది. దాన్ని తీసినవాడు ఆర్డరు తప్పినట్టా, తీయకుండా కాపలా కూర్చున్నవాళ్లు తప్పినట్టా? నేను పార్టీ కాదని మళ్లీ చెప్పకండి. అది విన్నాను. అర్థం చెప్పకండి, అది నాకు తెలుసు. తీయవచ్చా, తీయకూడదా? ఒక్క మాట. ఆ మాట చెప్పి, నా గాలం ఎవరి దగ్గర ఉందో వాళ్లను తెచ్చి ఇవ్వమనండి.